పెట్టె విప్పి చూపిన పెద్దనాయిన

ఆ రోజు పొద్దున చలి లేదు, ఎండ ఇంకా ముదరలేదు. మాఘం వెళ్లిపోతున్న రోజులు. యాసంగి వరికి రెండో దఫా యూరియా చల్లుదామని నేనూ నా భార్యా ఒడ్డు మీద బస్తా విప్పుతున్నాం. ఫోన్ మోగింది. నకిరేకల్‌లో మా పెద్దనాయినకు మోటరు వైండింగ్ దుకాణం ఉంది. దానికి ఎదురుగా అదే పని చేసే దుకాణం ఇంకొకటి ఉంది. ఫోన్ చేసింది ఆ ఎదురు దుకాణం ఆయన.

"అన్నా, పెద్దాయన పోయిండు. చాయ్ తాగి కుర్చీల కూసున్నోడు గట్లనే ఒరిగిండు. దవాఖానకు తీస్కపోయినం. లేడన్నరు."

విప్పిన బస్తా అలా వదిలేస్తే చెమ్మకు కరుగుతుందని ఆ మడి వరకు చల్లి, కాళ్లు కడుక్కుని బయలుదేరాం.

పెద్దనాయిన మా నాయినకు అన్న. ఏడో తరగతి దాకా చదివాడు. కాలిపోయిన బోరు మోటర్లకు రాగి తీగ తిరిగి చుట్టడం ఆయన పని. మా వైపు బోరే దిక్కు. మోటరు కాలితే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒకసారి మా పొలానికి వచ్చినప్పుడు నడుస్తున్న మోటరు పైపుకు స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడిని చెవికి పెట్టుకున్నాడు. "కింద బుష్ అరుగుతాందిరా" అన్నాడు. మోటరు మూడు వందల అడుగుల లోతులో ఉంది. నేనూ చెవి పెట్టి చూశాను. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వారం తర్వాత మోటరు పైకి తీయిస్తే, ఇరుసును పట్టి ఉంచే ఆ బుష్ నిజంగానే అరిగి ఉంది. ఆయన చెవిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

దుకాణంలో మోటరు కోసం ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ నలుగురు ఉండేవారు. ఆయన చేతులు తీగ చుడుతుంటే నేను పేపరు చదివి వినిపించేవాణ్ణి. పెద్ద కంపెనీల తగాదాల వార్తలంటే ఆయనకు ఇష్టం. ఆలోచించే యంత్రాలు తయారు చేయడంలో పెద్ద కంపెనీలు పోటీ పడుతున్నాయనీ, ఒకరి మనుషులను ఒకరు ఎగరేసుకుపోతున్నారనీ, లోకంలో వాళ్లందరి రాతలూ అడగకుండా వాడుకున్నారని కోర్టుల్లో కేసులున్నాయనీ ఒకరోజు చదివాను. బెంచీ మీదున్న రైతు ఒకాయన నవ్వాడు.

"నీకెందుకయ్యా గా కంపెనీల ముచ్చట? వాళ్ల మోటరు నీ కాడికొస్తదా?"

"రాకపోతేంది?" అన్నాడు పెద్దనాయిన. "గిదంత మనం చేసిన పనే. నువ్వూ మీ అన్న పంతానికి బోర్లెయ్యలే? ఆయన ఆరొందల ఫీట్లంటే నువ్వు ఎనిమిదొందలంటివి. నీళ్లెవలికొచ్చినయి?"

"ఎవలికి రాలే."

"మరి బాగుపడ్డదెవలు?"

"బోర్లేసే బండోడు" అన్నాడు ఆ రైతు. దుకాణమంతా నవ్వింది.

"గా పేపర్ల గూడ బండోడు యాన్నో ఉంటడు, ఎతుకురా" అన్నాడు పెద్దనాయిన నాతో, తీగ మీంచి కళ్లెత్తకుండా. వెతికాను. అదే పేజీలో అడుగున చిన్న వార్త ఉంది. ఆ పోటీదారులందరికీ చిప్పులు అమ్మే కంపెనీ షేరు ఆకాశానికి ఎక్కిందట. చదివి వినిపిస్తే ఆయన తల మాత్రం ఊపాడు.

అలాగని పోటీ వద్దనే మనిషి కాదు. "ఎదురుంగ దుకాణం పడకముందు ఒక్క మోటరుకు రైతును వారం తిప్పుకుంటుంటి. ఇప్పుడు రెండ్రోజులకు ఇస్తున్న. గా తమ్మి పుణ్యమే" అనేవాడు.

మొదట్లో ఆ ఎదురు దుకాణం తమ్ముడికి పెద్దనాయిన అన్యాయమే చేశాడు. వైండింగ్ పనిలో ఏ మోటరుకు ఎన్ని చుట్లు, ఎంత మందం తీగ అన్నది ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకుంటారు. పక్క దుకాణానికి చూపరు. చిట్యాల నుంచి కొత్తగా వచ్చిన ఎదురు దుకాణం ఆయన ఒక పాత మోటరు తెచ్చి, తీగంతా కరిగి ముద్దయింది, చుట్లు లెక్కకు దొరకడం లేదు, చెప్పన్నా అని అడిగాడు. పుస్తకం సొరుగులోనే ఉంది. పెద్దనాయిన తెలియదన్నాడు. ఎదురు దుకాణం ఆయన అంచనాకు చుట్టి ఇచ్చాడు. బోరులో దించిన మూడో రోజే మోటరు మళ్లీ కాలింది. అది ఒక ముసలామె బత్తాయి తోటది. చెట్లు పిందె రాల్చేశాయి. ఆమె వచ్చి పెద్దనాయిన ముందే కూర్చుని, "ఎదురుంగున్నోడు నా తోట ఆగం జేసిండు బిడ్డా" అని ఏడ్చింది. మర్నాడు పుస్తకం పట్టుకుని రోడ్డు దాటి, ఆయన బల్ల మీద పెట్టి, రాసుకొమ్మన్నాడు. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పాడు. చెప్పి, "దాసుకున్న చుట్ల లెక్క నాది, ఆగమైన తోట ఆమెది" అన్నాడు. అంతే.

తర్వాత ఫోన్‌తో నడిచే స్టార్టర్ పెట్టెలు వచ్చాయి. ఇంట్లో కూర్చుని ఫోన్ నొక్కితే పొలంలో మోటరు నడుస్తుంది. రెండు కంపెనీలు పోటీ పడి అమ్మాయి. అందులో ఒక కంపెనీ సర్వీసు బోర్డు, అంటే వాళ్ల పెట్టెలు బిగించి చూసుకునే హక్కు, పెద్దనాయిన దుకాణానికి దక్కింది. దుకాణానికి సగం పని దాని మీదే వచ్చేది. నేనూ ఆ పెట్టె పెట్టించుకున్నాను. రెండేళ్లకు ఆ రెండు కంపెనీలూ, నా డిజైన్ నువ్వు దొంగిలించావంటే నువ్వే దొంగిలించావని కోర్టుకెక్కాయి. ఆ గొడవలో మా కంపెనీ సేవలు ఆపేసింది. ఫోన్ ఎన్నిసార్లు నొక్కినా మోటరు కదల్లేదు. పాత బొత్తాలను పెట్టె బిగించినప్పుడే తప్పించారు. వరి ఈనబోతూ పొట్ట మీద ఉంది. నాలుగో రోజుకు మడి పగుళ్లిచ్చింది. పెట్టెకు కంపెనీ సీలుంది. దాన్ని తెంపితే దుకాణం బోర్డు పోతుందని కంపెనీ మనిషి పెద్దనాయినకు ముందే చెప్పి ఉన్నాడు.

పెట్టె ఊడదీసుకుని దుకాణానికి పోయాను. "సీలు తెంపితే నీ బోర్డు పోతది పెద్దనాయినా" అన్నాను.

"పోతది" అన్నాడు. పెట్టె బల్ల మీద పెట్టి, రోడ్డు అవతలికి కేకేశాడు. "తమ్మీ, చేతిల పని ఇడిసిపెట్టి జర ఇటు రా."

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏందన్నా, బిర్యానీ గిట్ల తెప్పించినవా?"

"బిర్యానీ తర్వాత తిందువు. ముందుగాల గిది చూడు."

పెద్దనాయిన ఆయన కళ్ల ముందే సీలు తెంపాడు. లోపలి సర్క్యూట్ కార్డు చూపాడు. ఏ రెండు తీగలు తప్పించాలో, వాటిని పాత పచ్చ, ఎర్ర బొత్తాలకు ఎలా కలపాలో ఒకసారి చేసి, విప్పి, ఆయన చేత చేయించాడు.

"నాకెందుకు చూపిస్తున్నవన్నా? రేపు నీ గిరాకి నాకొస్తది" అన్నాడు ఎదురు దుకాణం ఆయన.

"రానియ్. ఊళ్లల్ల ఎన్ని పెట్టెలున్నయో ఎరికేనా? నేనొక్కణ్ణి ఇప్పుకుంట పోతే అందాక వరి ఆగుతదా?"

ఆ సాయంత్రం నా మడికి నీళ్లు పారాయి. తర్వాత రెండు రోజులూ ఇద్దరూ చెరో దిక్కు ఊళ్లు తిరిగారు.

కంపెనీలు రాజీ పడ్డాక కంపెనీ మనిషి వచ్చాడు. సీళ్లు ఎవరెవరు తెంపారని అడిగాడు. "అన్ని నేనే తెంపిన" అన్నాడు పెద్దనాయిన. ఎదురు దుకాణం ఆయన తన గడపలో నిలబడి వింటున్నాడు. తానూ తెంపానని ముందుకు రాలేదు. బోర్డు దించుకుని తీసుకుపోయారు. నెల తిరక్కముందే అదే బోర్డు రోడ్డు అవతల ఎక్కింది. ఎదురు దుకాణం ఆయన వద్దనలేదు. నాకు ఒళ్లు మండింది.

"నీకెందుకురా మంట? పెట్టె ఇప్పనీకి తెలిసినోని కాడనే బోర్డున్నది. గది మంచిగ లేదా?" అన్నాడు పెద్దనాయిన. ఇంత తేలిగ్గా అనగలిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

చితికి నిప్పు పెట్టేసరికి మూడయింది. రైతులు చాలామంది వచ్చారు. పెట్టె ఆగి మోటరు నడవడం లేదని ఎవరో రైతు ఫోన్ చేస్తే ఎదురు దుకాణం ఆయన పక్కకు పోయి మాట్లాడాడు. గాలికి మాటలు మా దాకా వచ్చాయి.

"ముందుగాల మెయిన్ బంద్ చెయ్యి. చేసినవా? మూత తియ్యి. సీలుంటదా? తెంపు. ఏం గాదు, తెంపు. కంపెనీకి నేను జవాబు చెప్పుకుంట. లోపల రెండు తీగలుంటయి, ఫోన్ పెట్టకు, చెప్త."

చాలాసేపు చెప్పాడు. మోటరు నడిచిందన్నట్టుంది, ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి మళ్లీ మా పక్కన నిలబడ్డాడు. నాలుగున్నరకు రైతులు వెళ్లారు. ఎదురు దుకాణం ఆయన మంట తగ్గేదాకా ఉండి, అయిదున్నరకు వెళ్లాడు. నేనూ నా భార్యా ఆరింటికి బయలుదేరాం.