శూన్య సమితితో రాజమణి పేచీ

సైదాబాద్‌లో రాజమణి తెలియని గడప ఉండేది కాదు. మంచితనం వల్ల కొంత, నోటి వల్ల చాలా. మలక్‌పేటలోని ఒక కాన్పుల దవాఖానాలో రోజుకూలి మీద ఆయాగా చేసేది. పుట్టిన బిడ్డను తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టడంలో ఆమె చేతికి పేరుంది. పేరు ఉంటే సరిపోతుందా? ఉద్యోగం ఖాయం కావాలంటే ఏడో తరగతి పాసు కావాలని పైనుంచి హుకుం వచ్చింది. ఈ ఎండాకాలం దాటితే పాసు కాగితం లేనివాళ్ళను తీసేస్తారని గుమాస్తా వామన్‌రావు చెప్పాడు.

అప్పటికే ఆమెకు నలభై దాటాయి. చిన్నప్పుడు బడి మొహం చూసింది, అంతే. అయినా బెదరలేదు. రమాబాయి అనే పడుచు పంతులమ్మ సాయంత్రాలు తమ వసారాలో ఆడవాళ్ళకు చదువు చెబుతోందని విని, పోయి చాప మీద ముందు వరసలో కూర్చుంది. తెలుగు పట్టుబడింది, సాంఘికం పట్టుబడింది. పాలపొడిని వార్డులకు పంచిన మనిషికి కూడికలు, భిన్నాలు ఒక లెక్కా? అయినా నిరుడు పరీక్ష లెక్కల్లోనే పోయింది. రాక పోలేదు, ఒప్పుకోక పోయింది.

ఆ రోజుల్లో బడి పుస్తకాలు మారాయి. ఎక్కాలు, వడ్డీలు వెనక్కి జరిగితే, ముందు పేజీల్లో సమితులు వచ్చి కూర్చున్నాయి. కొన్నిటిని ఒక్కచోట చేర్చి చూస్తే సమితి. అందులోంచి కొన్నిటిని తీసుకుంటే ఉపసమితి. ఇంతవరకు రాజమణికి పేచీ లేదు. దవాఖానాలోని బాలింతలంతా సమితి, వాళ్ళలో కవలలను కన్నవాళ్ళు ఉపసమితి అని తనే చెప్పి మెప్పు పొందింది. లోపల ఏమీ లేనిది శూన్య సమితి అన్నా సరేనంది. ఆ శూన్య సమితి ప్రతి సమితికీ ఉపసమితే అనేసరికి బలపం కింద పెట్టేసింది.

"ఏమీ లేనిది పోయి బాలింతల్ల ఎట్ల కలుస్తది పంతులమ్మా?"

"ఉపసమితి కాదనాలంటే, దీంట్ల ఉండి దాంట్ల లేనిది ఒక్కటి చూపెట్టాలె రాజమణక్కా. ఖాళీ దాంట్లకెంచి ఏం చూపెడ్తరు? చూపెట్టలేరు. అందుకే ఉపసమితి."

"గది వకీలు మాట. చూపెట్టలేకపోతే నిజమైపోతదా?"

"పుస్తకంల గట్లనే ఉంది. రాసెయ్యుండ్రి, మార్కులొస్తయి."

"తెల్వంది తెల్సినట్టు నేను రాయ."

నిరుడు ఆ పాఠం ప్రశ్నలన్నీ అలాగే వదిలేసి వచ్చింది. ఈసారీ వదిలేస్తే ఉన్న కొలువు ఊడుతుంది. రేసుకోర్సులో గుర్రాలకు మేత వేసే మొగుడు శివయ్య అన్నం తింటూ నచ్చజెప్పాడు.

"రాసి పారెయ్యరాదు. కాయితానికేమన్న నోరున్నదా?"

"నాకున్నది గద."

పరీక్షలు దగ్గర పడ్డాక ఒక పొద్దున, నల్లా దగ్గర లీలమ్మ ఆమె మీద పడింది. లీలమ్మ పత్తర్‌గట్టి వైపు నుంచి ఆ గల్లీకి కొత్తగా వచ్చింది. మంచం మీద ఎండబెట్టిన వడియాలు మేక తినిపోయిందట. రాజమణి ఇంటి ముందు మేకలను కట్టే గుంజలు చూసి, తప్పు ఆ ఇంటిదేనని తేల్చుకుంది. మేకలను నిరుడే అమ్మేశారని, మిగిలినవి ఉత్త గుంజలేనని ఆమెకు తెలియదు.

"మేకలను సాకుడు రాకపోతే అమ్ముకోవాలె. గిట్ల మంది మీదికి ఇడుస్తరా?"

నాకు మేకలే లేవని రాజమణి ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ పొద్దున్నే అంత చవగ్గా జగడం వదులుకునే మనిషా ఆమె?

"నా మేకల్ల ఇడిసింది ఒక్కటి లేదు. ఉంటే చెవి పట్టుకొని తీసుకరా, నీ కాళ్ళు మొక్కుత."

లీలమ్మ బిందె అక్కడే వదిలి గల్లీలన్నీ గాలించింది. ఒక మేక దొరికింది కూడా. దాని యజమాని వచ్చి తనదని లాక్కుని, రాజమణికి మేకలెక్కడివని నవ్వి పంపాడు. తిరిగొచ్చిన లీలమ్మ ముఖం కందిపోయి ఉంది.

"మేకలే లేవంట గద. గింత అబద్ధమా నువ్వాడేది?"

"ఏది అబద్ధం? ఇడిసిన మేక నాది ఒక్కటి దొరికిందా?"

"లేనిది యాడ దొరుకుతది?"

"ఒక్కటన్న పట్టుకొస్తే నాది అబద్ధమయ్యేది. తేలేకపోతివి. అంటే నేనన్నది..."

నిజమే అనబోయి ఆగిపోయింది. నిండిన బిందె పొర్లిపోతున్నా చూడలేదు. అది రమాబాయి మాట. వకీలు మాటని కొట్టిపారేసిన దాన్నే, నలుగురిలో గెలవడానికి తను వాడుకుంది. అబద్ధమాడినట్టు మనసులో ఏ మూలా అనిపించలేదు. కాదనడానికి ఒక్కటీ చూపలేకపోయింది లీలమ్మ. అందుకే మాట నిలబడింది.

"ఏందే, నోరు పడిపోయిందా?" అంది లీలమ్మ.

"పడలె. పప్పు నానబోసుకో పో. రేపు వడియాలు పెట్టనీకి నేనొస్త" అని బిందె ఎత్తుకుంది.

తడి కొంగుతోనే రమాబాయి వసారా ఎక్కి మేకల సంగతంతా చెప్పింది. రమాబాయి నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది.

"ఇగనన్న రాస్తరా అక్కా?"

"రాస్త. ఎందుకైతదో గూడ రాస్త. మీది వకీలు మాట అన్న గద, వాపస్ తీసుకుంటున్న."

రాజమణి అన్న మాట వాపసు తీసుకుందంటే సైదాబాద్‌లో ఎవరూ నమ్మలేదు.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. అవునని రాసి, ఎందుకవుతుందో కింద వంకర టింకర అక్షరాలతో విడమరిచి రాసింది. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. వామన్‌రావు ఆ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"పాసైనవ్ గని, లెక్కల్ల గింతేనా?"

"రాసినయన్నీ తెల్సి రాసిన సార్. తెల్వంది ముట్టలె."

ఉద్యోగం ఖాయమైంది. శివయ్య మిఠాయి తెచ్చి, ఇక పుస్తకాలు అటక ఎక్కించమన్నాడు. ఆమె తల ఊపి, మిఠాయి నోట్లో వేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని బయలుదేరింది.

చాప మీద ముందు వరసలో ఆమెను చూసి రమాబాయి విస్తుపోయింది. "పాసైన్రు గద అక్కా, ఇంకేంది?"

"మైనసును మైనసుతోని గుణిస్తే ప్లస్సెట్లయితది? గది నాకు ఎక్కలె, పరీక్షల ఇడిసిపెట్టిన. టైమెంతైనా ఫికర్ లేదు, ఇయ్యాల నాకు డ్యూటీ లేదు. చెప్పుండ్రి."