బస్సు ఎడమ పక్క

2018 జూన్‌లో, బడులు తెరిచిన మూడో వారం, కొత్తకోటలోని ఒక ప్రైవేటు బడి ఆవరణలో జరిగిన చిన్న ప్రమాదానికి నన్ను సర్వేయర్‌గా నియమిస్తూ బీమా కంపెనీ నుంచి ఉత్తర్వు వచ్చింది. మహబూబ్‌నగర్‌లో ఉంటూ నేను ఆ పని మొదలుపెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. కొత్తకోట వనపర్తి జిల్లాలోకి మారిపోయినా, ఆ బెంగళూరు రోడ్డు పొడవునా జరిగే ప్రమాదాలు ఇంకా నా పరిధిలోనే ఉండేవి.

సర్వేయర్ అనగానే భూములు కొలిచేవాడని చాలామంది అనుకుంటారు. మాది వేరే పని. బండికి దెబ్బ తగిలితే, అది యజమాని చెప్పిన తీరుగానే తగిలిందా అని మొదట చూడాలి. తరువాత ఏ భాగం బాగవుతుంది, ఏది మార్చక తప్పదు అని రాసి ఇవ్వాలి. మేం కంపెనీ నౌకర్లం కాం, లైసెన్సు ఉన్న బయటి మనుషులం. యజమాని వైపూ కాదు, కంపెనీ వైపూ కాదు. మరమ్మతు అయి, పై రంగు పడే ముందు ఇంకోసారి వెళ్లి చూసి వస్తాం. దాన్ని రీ-ఇన్‌స్పెక్షన్ అంటారు. ఆ రిపోర్టు కూడా చేరాకే ఫైలు మూతపడుతుంది.

ఈ కేసులో దెబ్బ తిన్నది రాజేశ్వరి అనే లెక్కల టీచరు కారు. ఆమె కొత్తకోటలోనే మగ్గం నేసే ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో జీతం తెచ్చిన మొదటి మనిషి. ఎవరో వాడిన తెల్ల కారు కొనుక్కుని ఆరు నెలలు కాలేదు. సాయంత్రం బడి వదిలాక బడి ప్రహరీ గోడ వెంట నిలిపిన కారులో ఆమె కూర్చుంది. వెనుక నుంచి వచ్చిన బడి బస్సు ఎడమ ముందు మూల కారు కుడి పక్కను గీసుకుంటూ పోయింది. బస్సులో ఉన్న ఆయా అరిచాకే ఆగింది. ఎవరికీ గాయాలు కాలేదు.

చిక్కు ఆ తరువాత వచ్చింది. బస్సు డ్రైవర్ పేరు ఆశీర్వాదం. యాభై రెండేళ్లు. ఆ బడిలో పదకొండేళ్లుగా ఉన్నాడు. అక్కడ కారే లేదని, ఖాళీ జాగా చూసుకునే బస్సు పోనిచ్చానని, టీచరే ఒక్కసారిగా ముందుకు తెచ్చి తగిలించిందని ఆయన రాతపూర్వకంగా ఇచ్చాడు. కరస్పాండెంట్ ఆయన మాటే నమ్మాడు. పదకొండేళ్ల డ్రైవర్ మాట ఒకవైపు, ఆరు నెలల కిందట స్టీరింగు పట్టిన ఆడమనిషి మాట ఒకవైపు. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిమ్మని, లేకుంటే వచ్చే నెల నుంచి రావద్దని ఆమెకు చెప్పారు.

కారును అప్పటికే హైవే పక్కన ఖాదర్ భాయ్ షెడ్డుకు చేర్చారు. ఖాదర్ భాయ్ డెంటింగ్, పెయింటింగ్ రెండూ తెలిసిన పనిమంతుడు. నేను వెళ్లేసరికి రాజేశ్వరి కారు పక్కనే నిలబడి ఉంది. నేను అడగకముందే మాట్లాడింది.

"సార్, నేను కొత్తగ నేర్సుకున్నది నిజమే. గని అప్పుడు బండి స్టార్ట్ గూడ చెయ్యలే. తాళంచెవి నా చేతుల్నే ఉండె. చెయ్యని తప్పు చేసిన అని ఎట్ల రాసియ్యాలె?"

నేను కారు చుట్టూ తిరిగి చూడడం మొదలుపెట్టాను. సర్వేయర్ బండిని చూడకముందు ఎవరికీ ధైర్యం చెప్పకూడదు.

గీత వెనుక డోరు దగ్గర మొదలై ముందు మడ్‌గార్డు దాకా పోయింది. కారు తానే పక్కకు కదిలి ఉంటే దాని ముందు మూల నలగాలి. అది చెక్కుచెదరలేదు. కుడి అద్దం ముందుకు విరిగి ఉంది. అంటే తోసింది వెనుక నుంచి వచ్చిన బండి. ఇక ముందు చక్రం కప్పు చూశాను. చక్రం తిరుగుతున్నప్పుడు దేనికైనా రాసుకుంటే దాని మీద గీతలు వంపు తిరుగుతాయి. ఇక్కడ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఆ చక్రం కదలలేదు. టీచరు చెప్పింది నిజం.

నా పనికి అంత చాలు. కానీ ఆ గీతలో ఒకటి నాకు కొరుకుడు పడలేదు. పక్కన బండి తగిలిందని తెలిసిన మరుక్షణం ఏ డ్రైవరైనా స్టీరింగు అవతలికి లాగుతాడు, లేదా బ్రేకు తొక్కుతాడు. అప్పుడు గీత పలచబడాలి, లేదా మధ్యలో తెగాలి. ఇది మొదటి నుంచి చివరి దాకా ఒకే లోతున ఉంది. ఈ మనిషి ఉలిక్కిపడనే లేదు. పిల్లల గోలలో చప్పుడు వినపడలేదంటే సరే. కంటికి కూడా కనపడలేదా?

పైకే అన్నానేమో, ఖాదర్ భాయ్ అందుకున్నాడు. "గా బస్సు ఎప్పుడు నా కాడికి వచ్చినా ఎడమ దిక్కే సార్. మూడుసార్లు నేనే చేసిన. పోయినేడు పెట్రోల్ బంకు కంబానికి తాకిచ్చింది మీరే పాస్ చేసిండ్రు గద, యాదికి లేదా?"

యాదికి వచ్చింది. పదకొండు నెలల కింద ఇదే షెడ్డులో ఆ బస్సును పది నిమిషాలు చూశాను. ఎడమ వెనుక రేకు సొట్టపోయింది. "ఇరుకు మలుపులో డ్రైవర్ అజాగ్రత్త" అని ఒక వాక్యం రాసి సంతకం పెట్టి, భోజనం వేళకు ఇంటికి చేరుకున్నాను. అంతకుముందు ఆ రేకుకు ఏం జరిగిందో అడగలేదు. ఫైలులో ఆ గడి లేదు.

అక్కణ్ణుంచి బడికి వెళ్లాను. దెబ్బ ఎత్తు, రంగు సరిపోల్చుకోవడానికి అవతలి బండిని చూడడం మా పనిలో భాగమే. బస్సు కుడి పక్క శుభ్రంగా ఉంది. ఎడమ పక్క వంగి చూస్తే, పసుపు రంగు మీద చేత్తో పూసిన కొత్త పసుపు మచ్చలు ఏడెనిమిది కనిపించాయి. ఆ దెబ్బల సంగతి బయటకు రాకుండా ఆశీర్వాదమే డబ్బా రంగు కొని తెచ్చి పూసుకున్నాడని తరువాత తెలిసింది.

ఆయన వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, జేబులో బ్యాడ్జి. అడిగిన ప్రతిదానికీ నేరుగా జవాబు చెప్పాడు. అబద్ధం చెప్పేవాళ్లు మామూలుగా "చూసిన గని బ్రేకు పడలే" అంటారు, లేదా ఎండ కళ్లలో పడిందంటారు. ఈయన మాట మాత్రం మారలేదు.

"గాడ బండి లేకుండె సారు. నా పిల్లల మీద ఒట్టు."

మా అక్కకు కళ్లలో నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా, ఉండేది. డాక్టరు ఆమెను పరీక్షించిన తీరు నేను పక్కనుండి చూశాను. ఆశీర్వాదాన్ని ఎదురుగా నిలబెట్టి, కుడి కన్ను మూసుకుని నా ముక్కునే చూడమన్నాను. నా పెన్ను ఆయన ఎడమ చెవి దగ్గర నుంచి మెల్లగా ముందుకు తెచ్చాను. కనపడగానే చెప్పమన్నాను. పెన్ను దాదాపు మా ఇద్దరి మధ్యకు వచ్చాక "ఆ" అన్నాడు. మళ్లీ చేశాం. మళ్లీ అక్కడే. మూడోసారి తానే చెయ్యి ఎత్తి, ఆ పెన్ను ఎక్కడ ఉందో తడిమి చూసుకున్నాడు.

లైసెన్సు పరీక్షలో ఇది ఎందుకు పట్టుబడలేదని పాఠకులకు అనుమానం రావచ్చు. గోడ మీది అక్షరాలు ఆయన ఆ రోజు కూడా చదవగలడు. ఈ జబ్బు ఎదురు చూపును చివరి దాకా ఉండనిచ్చి, అంచుల నుంచి తింటూ వస్తుంది. చూపు పోయిన చోట చూపు లేదని మనిషికి తెలియదు.

"ఏడాది సంది ఎడమ దిక్కు జర మసక అనిపిస్తాంది. వయసు అనుకున్న," అన్నాడు చివరికి. ఆ పైన ఆయన అడిగిన మాట ఈనాటికీ నా చెవిలో ఉంది. "నేను అబద్ధం ఆడిన అని రాసుకోండ్రి సారు. కండ్లు కనవడయని మాత్రం రాయకుండ్రి. అబద్ధం ఆడినోనికి ఇంకో జాగల స్టీరింగు దొర్కుతది. కండ్లు లేనోనికి ఎవలిస్తరు? బిడ్డ నర్సింగు సదువుతాంది. ఇంకొక్క యాడాది ఉంది."

నా ఫారంలో కళ్ల గురించి అడిగే గడి లేదు. కారు నిలిచి ఉందని రాస్తే నా పని పూర్తవుతుంది. టీచరు ఉద్యోగం నిలుస్తుంది. ఆయనను అబద్ధాలకోరని తీసేస్తారు. ఆయన వేరే ఊళ్లో వేరే బండి ఎక్కుతాడు. ఇదంతా ఆలోచించడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. నోరు తెరవడానికే పట్టింది. నేరుగా చెప్పలేక ఒక ప్రశ్న వేశాను.

"మీ బస్సులో ఎంతమంది పిల్లలు ఎక్కుతారు?"

"నలభై ఆరుగురు."

"ఏ పక్క నుంచి దిగుతారు?"

ఆయన తల పూర్తిగా ఎడమకు తిప్పి బస్సు తలుపు వైపు చూశాడు. కాసేపటికి జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టబోయాడు. దాన్ని తీసుకునే అధికారం నాకు లేదని చెప్పాను. ఇద్దరం కలిసి కరస్పాండెంట్ గదికి నడిచాం. తాళంచెవి ఆయనే బల్ల మీద పెట్టాడు. కళ్ల సంగతి కూడా ఆయన నోటితోనే చెప్పాడు. ఆ సాయంత్రం బస్సు వేరే డ్రైవర్ నడిపాడు.

రిపోర్టులో కారు నిలిచి ఉందని, టీచరు చెప్పినదానికీ దెబ్బకూ పొంతన ఉందని రాశాను. చివర రిమార్కుల దగ్గర, డ్రైవర్ ఉద్దేశపూర్వకంగా తప్పు చెప్పలేదని, ఎడమ వైపు చూపు లోపించినట్టు కనిపిస్తున్నదని, కంటి వైద్యుడు చూడకుండా ఆయన ఏ బండీ నడపరాదని చేర్చాను. అంతకుముందు ఏ రిపోర్టులోనూ నేను అటువంటి వాక్యం రాయలేదు. కంపెనీ అధికారి ఫోన్ చేసి ఇది మీ పనేనా అని అడిగారు. కాదేమో అని, ఆ వాక్యం మాత్రం తీయనని చెప్పాను.

మూడు వారాల తరువాత రీ-ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లాను. వెనుక డోరు సొట్ట సుత్తితో లేపి, పుట్టీ పట్టించి, ప్రైమర్ కొట్టి ఉంచారు. పై రంగు ఇంకా పడలేదు. అద్దం కొత్తది వేశారు. ఆశీర్వాదం అక్కడే కారు పక్కన కూర్చుని ఉన్నాడు. మహబూబ్‌నగర్‌లో డాక్టరుకు చూపించుకున్నాడని ఖాదర్ భాయ్ నాకు మెల్లగా చెప్పాడు. ఎడమ కన్ను చాలా వరకు పోయింది. కుడి కంటిలో జబ్బు మొదలైంది గానీ చుక్కల మందుతో నిలపవచ్చన్నారట. బడి వాళ్లు ఆయనను పూర్తిగా తీసేయకుండా, పొద్దున బస్సులు బయలుదేరే ముందు టైర్లు, బ్రేకులు, నూనె చూసే పనిలో పెట్టారు. జీతం తగ్గింది.

ఆయన కారు డోరు మీద అరచేయి ఆనించి పైనుంచి కిందికి మెల్లగా తడుముతున్నాడు. "గీడ ఒక అల ఉన్నది ఖాదర్ భాయ్. రంగు పడితే కొట్టొచ్చినట్టు కనవడ్తది" అన్నాడు. ఖాదర్ భాయ్ తానూ తడిమి చూసి, గరుకు కాగితం తీసుకుని మళ్లీ గీకడం మొదలుపెట్టాడు.

ఇంతలో రాజేశ్వరి వచ్చింది. ఆశీర్వాదం లేచి నిలబడ్డాడు. తనకంటే ఇరవై ఏళ్లు చిన్నదాని ముందు చేతులు కట్టుకున్నాడు.

"టీచరమ్మా, నువ్వు చెయ్యనిది చేసినవని రాసిచ్చిన. నాది తప్పయింది."

ఆమె "మూడు రోజులు మా ఇంట్ల అన్నం సయించలే కాకా" అంది ముందు. ఆ మాట దాచుకోలేదు. తరువాత నిదానంగా అంది, "మీకు గాడ బండి లేకుండె. మీకు కనవడ్డదే మీరు రాసిండ్రు. దవాఖానకు మల్ల ఎప్పుడు రమ్మన్నరు? సెలవు రోజు అయితే నేను తోల్కపోత."

నేను ఆయనను పలకరిద్దామని దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. ఆయన నా వైపు చూడలేదు. నేను నిలబడింది ఎడమ పక్కనని ఆలస్యంగా తట్టింది. కుడి వైపుకు వెళ్లాను. అప్పుడు చూశాడు.

"మీరు రాసిన కాయితం నాకు సదివి ఇనిపిచ్చిండ్రు సారు. అంత సక్కగనే రాసిండ్రు. గని నా కడుపుల మంట ఇంక సల్లార్లే."

చల్లారాలని నేను కోరలేదు. తల ఊపి, డోరు ఫోటో తీసుకుని వచ్చేశాను. ఆయనను మళ్లీ కలవలేదు. బిడ్డ చదువు పూర్తయి ఒక ఆసుపత్రిలో పనికి కుదిరిందని ఖాదర్ భాయ్ ద్వారా తెలిసింది.

ఆ తరువాత నేను పనిచేసిన నాలుగేళ్లూ నా పద్ధతి మార్చుకున్నాను. బండి నంబరు మీద పాత ఫైళ్లు ఉంటే తీయించి, పక్కపక్కన పెట్టి చూసేవాణ్ణి. డ్రైవర్ మాటకూ దెబ్బకూ పొంతన కుదరకపోతే, అబద్ధమని రాసే ముందు ఆయన సీట్లో నేను కూర్చుని, అక్కడి నుంచి ఏం కనపడిందో ఆయననే అడిగేవాణ్ణి. ఒక్కో దెబ్బకు ఒక్కో ఫైలు తెరిచి మూయడం మా వృత్తి అలవాటు. అలా చూస్తే ప్రతిదీ చిన్న దెబ్బే. నేను మొదటి రిపోర్టు మీద సంతకం పెట్టిన రోజు నుంచి పదకొండు నెలలు ఆ నలభై ఆరుగురు పిల్లలూ రోజుకు రెండుసార్లు ఆ బస్సు ఎడమ పక్క నుంచి ఎక్కి దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. అందులో నా పనితనం ఏమీ లేదు.