ముక్కలుగా దాచిన గొంతు

ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో నా గదిలో ఉండే మిత్రుడు సివిల్స్‌కి చదువుతూనే, తోటి తెలుగువాళ్ళకి చరిత్ర పాఠాలు ఊరికే చెప్పేవాడు. అవి అందరికీ అందాలంటే సర్వర్ కావాలి. దాన్ని అద్దెకు తీసుకునే స్తోమత మాకెక్కడిది? అందుకని నేనొక యాప్ రాశాను. నా ల్యాప్‌టాప్‌లో అతను పాఠం రికార్డు చేస్తే, యాప్ దాన్ని ముక్కలు చేసి అందరి ల్యాప్‌టాప్‌లలో తలా కొంచెం దాస్తుంది. చోటు చాలదని అసలు ఫైలును చెరిపేస్తుంది. ఎవరైనా వినాలనుకుంటే ఆ ముక్కలన్నీ పక్క గదుల నుంచీ ఎదురు వీధి నుంచీ వచ్చి అతుక్కుంటాయి. మొత్తం పాఠం ఏ ఒక్కరి సొత్తూ కాదని తెగ మురిసిపోయేవాణ్ణి.

రాయడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. అందరూ తమ పాఠం వినేసి ల్యాప్‌టాప్ కట్టేసేవాళ్ళు, దాంతో వాళ్ళ దగ్గరున్న ముక్కలు మిగతావాళ్ళకి అందేవి కావు. అడిగితే ప్రతివాడూ "నాది ఆన్‌లోనే ఉంది భయ్యా" అనేవాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. నేను గదిగదికీ వెళ్ళి తిట్టి వచ్చేవాణ్ణి. మిత్రుడు మాత్రం "పోనీ తియ్, సదువుకునేటోళ్లు" అని నవ్వేవాడు.

పోయిన వానాకాలం అతనికి డెంగీ వచ్చింది. ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. నాకు ఇప్పటికీ కోపమే, ఎవరి మీదో తెలియదు.

కొన్ని నెలలకి ఢిల్లీలోనే జనక్‌పురిలో ఉండే అతని చెల్లెలు ఫోన్ చేసింది. "నా ఫోన్ల ఫోటోలే ఉన్నయి అన్నా. మా అన్న గొంతు ఒక్కసారి ఇనాలె."

ఆదివారం సాయంత్రం ల్యాప్‌టాప్‌లు తెరిచి ఉంచమని అందరికీ కబురు పెట్టాను. కానీ అప్పటికే సివిల్స్ ఫలితాలొచ్చాయి. ఆఖరి ప్రయత్నమూ పోయినవాడు రైలెక్కే ముందు ల్యాప్‌టాప్ ఖాళీ చేసి అమ్మేయడం ఇక్కడ మామూలే. చాలామంది అదే చేశారు. ఈసారి తిట్టడానికి నోరు రాలేదు.

ఆ ఆదివారం చెల్లెలు మా గదికి వచ్చింది. మిగిలినవాళ్ళు పాపం మాట తప్పలేదు. అయినా ఒక్క పాఠమూ పూర్తిగా రాలేదు. ఉన్నంతవరకే వినిపించేలా యాప్‌ని మార్చి ఒకటి పెట్టాను. అతను గొంతు సవరించుకున్నాడు. శిస్తుల గురించి రెండు మాటలు చెప్పాడు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ దగ్గరగా వినిపించాడు.

"సమజైందా? మల్లొక్కసారి చెప్పాల్నా?"

"చెప్పు అన్నా," అంది చెల్లెలు, ల్యాప్‌టాప్ వైపు వంగి.

ఆ తర్వాతి ముక్కలు ఎవరి దగ్గరా లేవు.