మాల్బీగారికో కుర్చీ

న్యాయమూర్తి లార్డ్ టర్విల్ ఏ కేసులోనైనా తాను కూర్చునే ముందు పక్కనున్న ఖాళీ కుర్చీని జానెడు వెనక్కి లాగుతాడు. తల కాస్త వంచుతాడు. ఎవరో కూర్చునేదాకా ఆగి, కుర్చీని మెల్లగా బల్ల దగ్గరికి నెడతాడు. తన కుర్చీ సంగతి ఆ తర్వాతే.

ఆ ఖాళీ కుర్చీ ఆ రోజు కేసులో పేరు వినబడబోయే పాత తీర్పు రాసిన న్యాయమూర్తిది. ఆయన పోయి నూరేళ్లయినా సరే. పోవడం టర్విల్ దృష్టిలో గైర్హాజరుకు సాకు కాదు.

"మనిషి మాట వాడుకుంటూ మనిషిని నిలబెడతామా?" అంటాడు.

లండన్‌లో ఆ కోర్టుకు పైన ఇంకో కోర్టు లేదు. అక్కడ అన్న మాట కింది కోర్టులన్నిటినీ కట్టిపడేస్తుంది. మాట తప్పయితే మళ్లీ అక్కడే ఎవరో ఒకరు ఆ ముడి విప్పాలి. ముడి వేసినవాళ్లు మాత్రం ఎప్పుడో మట్టిలో కలిసిపోయి ఉంటారు.

ఊనా రాంకిన్ స్కాట్లండ్ నుంచి ఆ కోర్టుకు న్యాయమూర్తిగా వచ్చి వారమైంది. ఐదుగురు కూర్చునే కేసుకు టీ తెచ్చే ప్రూ ఆరు కప్పులు పెట్టడం చూసింది.

"ఒకటి ఎక్కువైంది ప్రూ."

"ఎక్కువేం కాదమ్మా. టర్విల్‌గారి అతిథికి. ఇవాళ మాల్బీ ప్రభువట. చక్కెర వద్దన్నాడట."

"ఆయన తాగుతాడా?"

"నేను చూడను తల్లీ. కప్పు మాత్రం నిండుగా ఎప్పుడూ వెనక్కి రాలేదు." ప్రూ ట్రే ఎత్తుకుని, కుర్చీ వైపు చూడకుండా వెళ్లిపోయింది.

కోర్టులో దీని మీద కథలకు కొదవ లేదు. ఒక గుమస్తా తెలియక ఆ కుర్చీ మీద ఫైళ్లు పెట్టాడు. టర్విల్ అతని చేత క్షమాపణ చెప్పించాడు, కుర్చీకి. ఒక పేరుమోసిన లాయరు పాత న్యాయమూర్తి ఒకాయన్ని మందబుద్ధి అన్నాడు. "కాస్త మెల్లగా. ఆయన వింటున్నారు" అన్నాడు టర్విల్. లాయరు నవ్వాడు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అయినా అతని ముందున్న కాగితం లేచి, తిరగబడి పడింది. ఆ నాటి నుంచి ఆ లాయరు లోపలికి రాగానే ఆరుగురికి వంగి దణ్ణం పెడతాడు.

ఊనా మొదటి కేసు డోరీన్ పెక్‌ది. డోరీన్ తన అన్నతో పాటు కాలువలో కట్టిన పడవలోనే తలనెరిసేదాకా బతికింది. గట్టుకు తాడు కట్టుకునే హక్కు అన్న పేరున ఉంది. అన్న పోయాడు. గట్టు సొంతదారులైన ఎస్టేటువాళ్లు తాడు విప్పుకుని పొమ్మన్నారు. పోవడానికి ఆమెకు ఇంకో గట్టు లేదు. కింది కోర్టులన్నీ పాపం అన్నాయి, అని ఓడించాయి. హక్కు పేరున్నవాడితోనే పోతుందని విక్టోరియా రాణి కాలంలో మాల్బీ ప్రభువు రాసిపెట్టాడు మరి.

నవంబరు వాన. మధ్యాహ్నానికే దీపాలు వేశారు. మాల్బీ కుర్చీ టర్విల్‌కూ ఊనాకూ మధ్య పడింది. ఆ వైపు నుంచి ఊనా మోచేతికి చలి తగులుతోంది. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన. కుర్చీ తోలు మెత్త నడుమ లోపలికి దిగి ఉంది. ఊనా కాస్త ఇటు జరిగింది.

"మాల్బీ ప్రభువు మాటలో సందేహానికి చోటే లేదు" అన్నాడు ఎస్టేటు లాయరు.

టర్విల్ కుర్చీ వైపు చెవి వంచాడు. "ఏమీ అనడం లేదు. తన పేరు విని ఊరుకునే మనిషి కాదే!" అన్నాడు. లాయరు నీళ్లు తాగాడు.

వెనక వరసలో డోరీన్ తెచ్చుకున్న శాండ్‌విచ్ విప్పకుండానే ఒళ్లో పట్టుకుని కూర్చుంది.

వాదనలయ్యాక ఐదుగురూ లోపలి గదిలోకి వెళ్లారు. అక్కడో ఆచారం ఉంది. అందరికంటే కొత్తగా వచ్చినవారు ముందు అభిప్రాయం చెప్పాలి. పెద్దల మాట విని చిన్నవాళ్లు తలూపకూడదని ఆ ఏర్పాటు. టర్విల్ తన పక్కన ఇంకో కుర్చీ లాగాడు, ఆగాడు, నెట్టాడు.

"మొదలుపెట్టు ఊనా" అన్నాడు అధ్యక్షుడు హ్యూగో.

డోరీన్‌ను గెలిపించాలని ఊనా మనసు. కానీ వచ్చిన వారానికే మాల్బీని పడగొట్టాలనడమా? 'పాత తీర్పునే అనుసరిద్దాం' అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. అదంటే గౌరవంగా బయటపడిపోవచ్చు. డోరీన్ పడవ తాడు తెగిపోతుంది.

"ఆగు హ్యూగో, వరుస తప్పుతున్నావు" అన్నాడు టర్విల్. "కొత్తవాళ్లు కదా ముందు?"

"ఊనాయేగా కొత్త?"

"ఊనా వచ్చి వారమైంది. మాల్బీగారు ఇవాళ పొద్దున్నే వచ్చారు."

"ఆంబ్రోస్! ఆయన మా తాతకు తాత వయసువాడు!" హ్యూగో టర్విల్‌ను పేరు పెట్టి పిలిచి విసుక్కున్నాడు.

"వయసుతో పనేముంది? కూర్చున్న రోజే లెక్క. ఆ మాట నువ్వే కదా అంటుంటావు?"

మిగతా ఇద్దరూ పైకప్పు చూస్తున్నారు. "సరే, కానీయమను" అన్నాడు హ్యూగో చివరికి.

టర్విల్ చెవి వంచాడు. బయట వాన తప్ప చప్పుడు లేదు. భారీ మనిషి ముందుకు వంగినట్టు కుర్చీ ఒక్కసారి కిర్రుమంది. ఒకాయన కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.

"ఆయనంటున్నారు," టర్విల్ మెల్లగా చెప్పాడు. "నా ముందుకొచ్చిన పడవలో ఉన్నది బొగ్గు. బొగ్గుకు ఇల్లేమిటనుకుని రాశాను. బొగ్గుకు రాసిన మాటతో మీరు ఇన్నాళ్లూ మనుషుల్ని గట్టు దింపుతున్నారు. వద్దనడానికి నాకు నోరు లేదు. ఉన్నవాళ్లు అనండి, అంటున్నారు."

అంతలోనే ముఖం చిట్లించి కుర్చీతో తగువుకు దిగాడు. "నేనొప్పుకోనండీ! రాసింది రాసిందే. దాన్ని నమ్ముకుని జనం ఎన్ని ఒప్పందాలు చేసుకున్నారు? ఇప్పుడు నాలుక మడతేస్తారా?" కాసేపు విన్నాడు. "అరవకండి. ఆడవాళ్లున్నారు."

ఊనాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతో గొంతు విడింది. "నాకు మాల్బీగారి మాట నచ్చింది" అని మొదలుపెట్టి, నాలుక చివరి మాట మింగేసి, మనసులో ఉన్నదంతా చెప్పింది. బొగ్గు గురించి, మనిషి గురించి, ఇల్లు అంటే ఏమిటన్న దాని గురించి. పైకప్పు చూస్తున్న ఇద్దరూ కిందికి చూశారు. ఆమె వైపుకు వచ్చారు. హ్యూగో కాదన్నాడు. టర్విల్ ఇంకా గట్టిగా కాదన్నాడు. ముగ్గురి మాట నెగ్గింది. తీర్పు రాసే పని ఊనా మీద పడింది.

వరండాలో ఊనా టర్విల్‌ను ఆపింది. "నాకు ధైర్యం రావాలనే కదండీ అదంతా అల్లారు?"

"నేనల్లితే నా పక్షాన మాట్లాడించుకోనూ?" అని టర్విల్ గొడుగు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఊనా వెనక్కి తిరిగి లోపలి గది తలుపు వైపు చూసింది.

వెనకే వచ్చిన హ్యూగో గొణిగాడు. "నా మొదటి కేసులోనూ నాకు నోరు పెగల్లేదు. ఆ ఖాళీ కుర్చీలోంచి ఎవరో విగ్గు పెద్దాయన నాకంటే ముందు పావుగంట మాట్లాడాడు. అప్పుడూ ఆంబ్రోస్ నాకు ఎదురే తిరిగాడులే."

మర్నాడు పొద్దున్నే టర్విల్ ఊనా గది తలుపు తట్టాడు. చేతిలో కాగితాల కట్ట.

"నా అసమ్మతి తీర్పు. రాసేశాను. ముందు నువ్వు చదువు."

"నేనింకా ఒక్క వాక్యమైనా రాయలేదండీ."

"అందుకే తెచ్చాను. దెబ్బ ఎక్కడ తగులుతుందో ముందే తెలిస్తే గోడ అక్కడ మందంగా కడతావు. ఇదిగో, ఈ పేరా చూడు. నాకే ముచ్చటేసింది. దీనికి నువ్వు జవాబు చెప్పకపోతే, మనం పోయాక ఎవడో వచ్చి ఆ డోరీన్‌లాంటి వాళ్ల తాడు మళ్లీ విప్పేస్తాడు."

"జవాబుందా దీనికి?"

"ఉంది. వెతకాలి."

ఆయన కోటు విప్పి తలుపుకు తగిలించాడు. పెన్సిలు చెక్కుకున్నాడు. తన తీర్పును తానే ఓడించడానికి ఊనా పక్కన కూర్చున్నాడు.