నాయిన కూర్చున్న గరికలో ఎర్రచీమలు

పక్షవాతం వచ్చి నాయినకు ఎడమకాలు చచ్చుబడిన ఏడాది, జనగామలో మా ఇంటి ముందు అమ్మ గరిక పెంచింది. నాయిన బడిపంతులు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతబడ్డప్పుడు కూడా ఒక్క పూట ఇంట్లో కూర్చోని మనిషి. మంచం మీద ఉండనని మొండికేసేవాడు. కుర్చీలో కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోయేవాడు. గరిక మీద గోడకు ఆనించి కూర్చోబెడితే మాత్రం చీకటిపడే దాకా దారిన పోయేవాళ్ళను పలకరిస్తూ ఉండేవాడు.

రెండో వానాకాలంలో గరికలో అక్కడక్కడ గుల్ల మట్టి పొంగింది. పైన కన్నాలేమీ కనబడలేదు. వానపాములేమో అనుకున్నాం. కొడకండ్ల నుంచి వచ్చిన మేనమామ ఆ మట్టిలో పుల్ల గుచ్చాడు. గుచ్చీ గుచ్చకముందే ఎర్రచీమలు పుల్లంతా కమ్మేశాయి.

"గివి కుట్టే చీమలు అక్కా. కుట్టిన కాడ తెల్లారేసరికి చీము పొక్కులు లేస్తయి. పై మట్టి తీస్తే పోవు, రాణి లోపట ఉంటది" అన్నాడు.

ఆయన చెప్పినట్టే, చీమలు పైకి చేరే పొద్దుటి పూట మరిగే నీళ్ళు పోశాం. కొన్ని పుట్టలు చచ్చాయి, వాటితోపాటు గరికా మాడింది. మందు పొడి చల్లితే గోడవారకు పోయాయి. వాన పడగానే పక్కనున్న ఖాళీ జాగాలోంచి మళ్ళీ వచ్చాయి.

నాయినను కూర్చోబెట్టే ముందు నేను రోజూ గరికంతా వెతికేదాన్ని. ఒకరోజు టైపు క్లాసుకు ఆలస్యమవుతోందని చూడలేదు. తిరిగొచ్చేసరికి ఆయన పక్కింటాయనతో మాట్లాడుతున్నాడు. ధోతి కింద ఎడమకాలు మోకాలి దాకా ఎర్రగా కదులుతోంది. నేను ఉరికిపోయి చీమలు దులుపుతుంటే, వంగి తన కాలి వంక చూసుకున్నాడు.

"ఏంది బిడ్డా గది?" అన్నాడు.

షుగరు ఉండడంతో పొక్కులు పుండ్లయ్యాయి. రెండు నెలలు దవాఖాన చుట్టూ తిరిగాం. గరిక చూడలేదని అమ్మకు చెప్పాను.

"చూసినా వచ్చేటియే" అన్నది, నా ముఖం చూడకుండా.

పుండ్లు మానాక బయట కూర్చుంటావా అని అడిగితే నాయిన తల అడ్డంగా ఊపాడు. "వద్దు బిడ్డా. నా కాలు నాకే ఎరుక లేదు. ఇగ లోపట్నే ఉంట."

అమ్మ పారతో గరికంతా చెక్కేసింది. ఆ ఉత్త మట్టిలోనూ చీమలు పుట్టలు పెట్టాయి. నాయిన మరో మూడేళ్ళు బతికాడు. గడప దాటలేదు. రానురాను మాతో మాట్లాడడం కూడా తగ్గించేశాడు.