అక్క కాసిన పందెం

మా బావను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు సాన పట్టినంత కాలం అద్దాలాయన అన్నారు. వైన్ పిచ్చి పట్టాక బిరడా అన్నారు. సీసా తెరవగానే ముందు బిరడాను ముక్కు దగ్గర పెట్టుకుని, పసిపిల్లాడి తల వాసన చూసినట్టు కళ్ళు మూసుకుని పీల్చేవాడు మరి. నాకు ఆ పిచ్చి ఎప్పుడూ ఎక్కలేదు. పుల్లటి నీళ్ళకు ఇంత ఆర్భాటమా అని ఆయన మొహం మీదే అనేదాన్ని. ఇప్పుడూ అంటాను.

ఆ పిచ్చి అంటించింది షాపు పైఅంతస్తులో ఉండే పళ్ళ డాక్టరు. వాళ్ళిద్దరికీ లెక్కల టీచరమ్మ తోడైంది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు దించేసి, వెనక గదిలో సాన బల్ల మీద పాత దుప్పటి పరిచి కూర్చునేవాళ్ళు. వంతులవారీగా ఒకరు సీసా తేవాలి. ఏ తోటదో కనబడకుండా దానికి మెడదాకా గుడ్డ చుట్టాలి. మిగతావాళ్ళు తలా ఒక వాసన చెప్పాలి, అదీ నిజంగా తగిలినదే చెప్పాలి. వాళ్ళంతా చెప్పేదాకా తెచ్చినవాళ్ళు నోరు మెదపకూడదు. ఒకరు ఎండిన నారింజ తొక్క అంటే ఇంకొకరు వానలో తడిసిన చెప్పులు అనేవారు. నేను తలుపు దగ్గర నిలబడి నవ్వాపుకునేదాన్ని.

చుట్టే గుడ్డలు మావే. మాది లాండ్రీ. నాన్న పెట్టిన ఇస్త్రీ షాపు ఆయన తర్వాత నా చేతికొచ్చింది. జనం తీసుకెళ్ళకుండా వదిలేసిన దిండు గలీబులు వాళ్ళ సీసాలకు చొక్కాలయ్యాయి. మా అక్క పెళ్ళయి వెళ్ళేటప్పుడు నాన్న దగ్గర ఏమీ అడగలేదు, ఒక పాత ఇస్త్రీపెట్టె తప్ప. రోజూ పొద్దున బావ గడప దాటే ముందు, అప్పుడే ఇస్త్రీ చేసిన రుమాలు ఆయన చేతిలో పెట్టేది.

వాళ్ళ అసలు తిప్పలన్నీ కొనడం దగ్గరే. ఊళ్ళో ఉన్న ఒక్క కొట్టువాడు మంచి సీసాలన్నిటినీ ఎండ పడే అద్దాల కిటికీలో నిలబెట్టేవాడు, మెరుస్తాయని. లోపలి సరుకు ఉడికిపోయేది. బావ ఒకటి తిరిగివ్వబోతే, "ద్రాక్ష పుల్లగా ఉండక కారంగా ఉంటుందా సార్?" అన్నాడట. పాతది కావాలంటే బాగా దుమ్ము పట్టినది తీసిచ్చేవాడు. వాడితో పడలేక దూరం నుంచి పార్సిల్ తెప్పించారు. అది నడివేసవిలో వచ్చింది. బిరడాలు పైకి తన్నుకొచ్చి, అట్టపెట్టె తడిసి, పోస్టుమాన్ చొక్కా మా షాపుకే చేరింది. ఎంత ఉతికినా ఆ మరక పోలేదు.

"ఈ బాధంతా ఎందుకండీ, తోటకే పోదాం పదండి," అంది అక్క. ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు. ఆ ప్రయాణం గురించి ఎవరి కథ వాళ్ళదే. బావ కథలో ద్రాక్ష పందిళ్ళు, మట్టి రంగు, నేలమాళిగ చల్లదనం ఉండేవి. అక్క కథలో ఆవిడ చెప్పులు బురదలో దిగబడ్డాయి. ఇద్దరి కథలూ కలిసేది ఒక్కచోటే. తోట యజమానురాలు పీపాలోంచి గ్లాసులో పోసిచ్చింది. అక్క వాసన చూసి బావ చెవిలో ఏదో చెప్పింది. బావ పకపకా నవ్వాడు, ఆ యజమానురాలి ముందే.

అక్కకు ఒళ్ళు మండింది. అదే రకం సీసా ఒకటి కొనిపించి అక్కడే పందెం వేసింది. "ఇది పాతబడ్డాక మీ వాళ్ళ ముందు తెరవండి. ఒక్కరన్నా నా మాటే అంటే, ఇక నా చీరలు మీరే ఇస్త్రీ చెయ్యాలి." ఆ మాట ఏమిటో ఎంత అడిగినా నాకు కూడా చెప్పలేదు. చెప్తే పందెం చెడుతుందట.

ఆ సీసా తెరవకుండానే అక్క జబ్బు చేసి పోయింది. తర్వాత ఒక చలికాలం బావకు జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది గానీ ముక్కు మాత్రం పనిచేయడం మానేసింది. మల్లెపూలూ కిరసనాయిలూ ఆయనకు ఒకటే అయిపోయాయి. అయినా ఆదివారాలు మానలేదు. "మీరు చెప్పండి, నేను వింటాను," అనేవాడు.

చివరికి పళ్ళ డాక్టరే గట్టిగా చెప్పాడు. "బిరడా, ఆ తోటలో కొన్న సీసా ఇంకా దాచావంటే లోపలి వైన్ చస్తుంది. తర్వాత ఏడ్చి లాభం లేదు."

ఆ ఆదివారం నేను బావ చొక్కాలు ఇవ్వడానికి వెళ్ళేసరికి సీసా బల్ల మీద ఉంది. దానికి చుట్టింది అక్క పాత చీర చెంగు.

"ఇది మా ఆవిడ సీసా," అన్నాడు బావ. "ఆవిడ ఒక వాసన చెప్పింది, నేను నవ్వాను. అదేమిటో చెప్పను. చెప్తే నా మీద జాలితో మీరూ అదే అంటారు. ఆవిడ చెప్పింది నిజమో కాదో నాకు తెలియాలి. నా ముక్కుతో ఇక తెలుసుకోలేను."

డాక్టరు పుచ్చుపన్ను పీకినంత ఓపిగ్గా బిరడా లాగాడు. సగం విరిగి పొడి అయింది. గ్లాసులో వంచి వాసన చూసి, "బతికే ఉంది," అన్నాడు. మళ్ళీ చూసి, "ఎండబెట్టిన నేరేడు పళ్ళు," అన్నాడు. టీచరమ్మ చాలాసేపు చూసి, "పాత బీరువా," అంది. బావ తలెత్తలేదు. ఇద్దరూ మళ్ళీ మళ్ళీ గ్లాసులో ముక్కు పెట్టారు. టీచరమ్మ నసుగుతూ, "ఏవైనా పూలేమో," అనబోతే డాక్టరు ఆమె వంక గుర్రుగా చూశాడు. ఊహించి చెప్పడం అక్కడ తప్పు.

టీచరమ్మ గ్లాసు నా వైపు జరిపింది. "నువ్వు కూడా చూడమ్మా."

"నాకెందుకండీ ఇవన్నీ," అన్నాను. బావ తలెత్తి చూశాడు. నియమం ప్రకారం నోరు మెదపలేదు గానీ ఆ చూపు చూశాక కాదనలేకపోయాను.

మొదట పుల్లటి నీళ్ళ వాసనే. పెదవి విరిచి ఇచ్చేయబోతూ ఇంకోసారి చూశాను. ఉన్నట్టుండి నేను నాన్న షాపులో ఇస్త్రీ బల్ల కింద ఉన్నాను, పక్కన అక్క ఉంది. నాన్న పైన నూలుగుడ్డ మీద నీళ్ళు చిలకరించి కాలుతున్న పెట్టె ఆనించగానే చుయ్యిమని ఆవిరి లేచి, మా ఇద్దరి మీదకు దిగేది. రోజూ అందులోనే ఉంటూ ఆ వాసనను పట్టించుకోవడం ఎప్పుడో మానేశాను.

"తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె," అన్నాను.

"మీ అక్క చెప్పిందా నీకు?" బావ లేచి నిలబడ్డాడు.

"చెప్పుంటే ఇన్నాళ్ళు నా నోట్లో నిలిచేదా బావా?"

నా సంగతి ఆయనకు తెలుసు. "అయితే నేను ఓడిపోయాను," అన్నాడు. టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చాను. అక్క పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

మర్నాడు పొద్దున షాపు తీసేసరికి బావ అక్క నూలుచీర చంకలో పెట్టుకుని మెట్ల మీద ఉన్నాడు. "పందెం ఓడాను కదా, పెట్టె ఇటివ్వు," అన్నాడు. నేను చేస్తానంటే వినలేదు. నీళ్ళు కుండపోతగా చల్లాడు, అంచు దగ్గర ముడతలు తెచ్చాడు. చూస్తుంటే నా చేతులు దురద పెట్టాయి గానీ ఊరుకున్నాను. ఆవిరి లేచినప్పుడు వంగి మొహం అందులో పెట్టాడు.

"తెలుస్తోందా బావా?"

"ఊహూఁ. వాసనేమీ లేదు," అంటూ మడత పెట్టిన చీరను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కాసేపు అలాగే పట్టుకున్నాడు. "వేడి మాత్రం అదే. పొద్దున రుమాలు చేతిలో పెట్టినప్పుడు ఇంతే ఉండేది."