నాయిన నాలుక వేగం

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, మాట చికిత్స చదువులో నా చివరి ఏడాది పని ఇది. ఎదుటివాళ్ల చేత ఐదు సెకన్లపాటు 'పటక, పటక, పటక' అని వీలైనంత వేగంగా అనిపించాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల నాలుక ఎంత చురుకో తెలుగు, ఉర్దూ, లంబాడీ మాట్లాడేవాళ్లలో విడివిడిగా కొలవాలి. మేం వాడే పట్టిక ఇంగ్లీషువాళ్లను కొలిచి కట్టింది. అంతకు తగ్గితే లోపం అని రాస్తారు. మన నాలుకకు పరాయి కొలబద్ద ఏంటని నాకు మొదటి నుంచీ మంటే.

హాలియాలో ఉర్దూవాళ్లతో పని సాఫీగా సాగింది. కల్వకుర్తిలో ఒక లంబాడీ అవ్వ నాతోనే పందెం కాసి, నన్ను ఓడించి, పగలబడి నవ్వింది.

చిక్కల్లా కట్టంగూరు దగ్గరి మా ఊరి నేతవాడలో వచ్చింది. పని చెడగొట్టడం ఇష్టంలేక, ఎవరి మగ్గం మీద వాళ్లను కూర్చోనిచ్చే ఫోన్లో రికార్డు చేశాను. అందరూ మెల్లగానే అన్నారు. మా నాయిన మరీ మెల్లగా అన్నాడు. దవాఖానలో అలా పలికే రోగులను చూసినదాన్ని, ఫోన్ పక్కన పెట్టి ఆయన మొహంలోకే చూశాను.

"ఏమైంది బిడ్డా? నాకేమన్న రోగమున్నదా?"

"ఏం లేదు నాయినా, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆ ఫికరంతా నాలోనే ఉంది.

కాలేజీలో నా పని చూసే సార్ ఫోన్లో తేల్చేశారు. "నేతవాళ్లను తీసెయ్యమ్మా. లేదంటే లోపమని రాసెయ్."

తీసెయ్యను అన్నాను. తెగిన పోగు అతకనిదే మగ్గం దిగని మనిషి కూతుర్ని, ఊరికే ఎట్లా వదులుతాను?

మర్నాడు పొద్దున్నే మళ్లీ అనిపించాను. ఈసారి నాయిన నోరు చూడలేదు, కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి చూశాను. నేత ఆగే ఉంది. కానీ 'పటక' అన్నప్పుడల్లా ఆయన కాలు కింది కర్రను తొక్కుతోంది. కాలు ఎంత వేగమో మాటా అంతే వేగం. నలభై ఏళ్ల అలవాటు మరి!

"నాయినా, జర బయటికొచ్చి కాళ్లు ముడుసుకొని కూసో."

"కాళ్లకూ నాలికెకూ ఏం సుట్టరికమే?" అని గొణుగుతూనే వచ్చి, అరుగు మీద బాసింపట్టు వేసుకొని అందుకున్నాడు. వడగళ్లు పడ్డట్టు పడ్డాయి మాటలు. పట్టిక గీత ఎప్పుడు దాటాడో కూడా తెలియలేదు. వాడంతా తిరిగి, అందర్నీ మగ్గాలు దింపి మళ్లీ కొలిచాను. ఒక్కరూ తగ్గలేదు.

సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. "లోపం ఉంది సార్. నేను కూర్చోబెట్టిన జాగాలో ఉంది. అదే రాస్తాను."

పక్కనే నిలబడి అంతా విన్న నాయిన, "అయితే నాకేం లేదన్నట్టేనా?" అని మళ్లీ అడిగాడు. లేదన్నాను. ఆయన ఇంట్లోకి చూసి, "ఏమేవ్, బువ్వ పెట్టు" అని కేకేశాడు.

నిన్నటి నుంచి ఆయన ముద్ద ముట్టలేదని అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.